పదకొండో తారీకు కిరాయి

నారాయణపేటల సరాఫ్ బజారు వెనుక
నా ఆఫీసుల ఒకటే ఫ్యాను, దాని కింద ఒకటే మంచి కుర్చీ.
ఏటా జులైల ఆశప్ప సారు అందుల కూసునేది.
ఇయ్యాల అది ఖాళీగనే ఉంచి
ఆమె స్టూలు గుంజుకున్నది.

పాస్‌పోర్టుల ఆమె ఇలోనా.
ఇంటిపన్ను బుక్కుల యెల్లమ్మ.
నలభై యేండ్ల కింద బిల్లు కలెక్టరు చెవికి
అట్లనే వినవడ్డది, అట్లనే రాసుకున్నడు,
ఆమె కూడ దిద్దమనలే.
ఇల్లు ఆమె పేర, రోడ్డు మీది రెండు మడిగెలు ఆయన పేర.
ఇప్పుడు మునిసిపాలిటోళ్లు అంటున్నరు:
ఇలోనా, యెల్లమ్మ ఒక్కరేనని అఫిడవిట్ కావాలె.
"ఒక్కరే. కావాలంటే ఆయననడుగు"
అన్నది, అని
ఫ్యాను దిక్కు చూసింది.

తహసీలు నుంచి తెచ్చిన కుటుంబ సభ్యుల కాగితంల
అయిదు గడులు.
మొదటి దాంట్లనే పేరు.
మిగిలిన నాలుగింటికి అడ్డంగా ఒక్క గీత,
ఎవరో పిల్లగాడు
స్కేలు పెట్టి మరీ కొట్టిండు.

సావుకు పన్ను లేదమ్మా అన్న.
మంచిది అన్నది,
అంగట్ల ఉల్లిగడ్డ ధర దిగిందంటే అన్నట్టు.

బతికిన దినాలకే ఉన్నది.
ఏప్రిల్ ఒకటి నుంచి పోయిన దినం దాకా
పెన్షను, బ్యాంకు వడ్డీ, మడిగెల కిరాయి
సారు లెక్క. ఆయన పేర ఆఖరి రిటర్ను,
పేరు ముంగట 'లేట్' అని పెట్టి
వారసురాలిగ నువ్వు సంతకం చెయ్యాలె.
ఆ తెల్లారి నుంచి వచ్చేదంత నీ రిటర్నుల.
నువ్వు ఈడనే ఉంటున్నవు గనక
నీ దేశంల ఆస్తి ఉంటే అదీ చూపెట్టాలె.
"మా అక్కకు నాకు చెరిసగం,
పదిహేడు ఆల్‌బుకారా చెట్లు."
విలువెంత రాయాలె?
"ఈ యేడు కాయలేదట."

భూమిల నీళ్లు ఎన్ని అడుగుల కింద ఉన్నయో
మక్తల్ నుంచి కోస్గి దాకా
తిరిగి తిరిగి రాసిన మనిషి ఆయన.
రిటైరయినంక కూడ, రసీదులు తెచ్చినప్పుడల్ల
మా బోరు మీద చెవి ఆనించి పోయేది.

నవంబరు నెలను కాగితం మీద గీసిన.
రెండు మడిగెలకు తొమ్మిది వేలు,
దినానికి మూడు వందలు.
పదకొండు దినాలు సారువి,
పంతొమ్మిది నీవి.
ఆమె నా చేతుల పెన్సిలు తీసుకున్నది.

"పదకొండో తారీకు ఎవరిది?"

ముప్పై యేండ్లసంది ఈ కుర్చీల ఉన్న,
ఒక్కరూ అడగలే.

"తెల్లారగట్ల నాలుగింటికి పోయిండు.
అప్పటికి పాలు రాలే,
మడిగెల షట్టర్లు లేవలే.
ఆ దినంల ఇరవై గంటలు నేనొక్కదాన్నే ఉన్న."
సరేనమ్మా, నీ దిక్కు రాస్త అనబోయిన.
"వద్దు. అయిదింటికి ఆయన సెల్లు మోగింది.
నడకకు పోతందుకు రాత్రే అలారం పెట్టుకున్నడు.
నేనే బంద్ చేసిన.
ఆ దినం ఆయనకే రాయి."

చట్టం కూడ అదే చెప్తది గావచ్చు.
నేను మాత్రం ఆమె చెప్పిందే రాసిన.

వారం తర్వాత మళ్ల వచ్చింది.
ఒక మడిగెల సెల్లు రిపేరు పిల్లగాడు ఫోన్ల పంపిండట.
రెండో దాంట్ల టైలరు మైబన్న,
నేను చెప్పిన లెక్క ఆమె నోట విని,
నెల కిరాయి రెండు కవర్లల పెట్టి ఇచ్చిండు.
ఒకదాని మీద 'అమ్మది',
ఇంకోదాని మీద 'సారుది',
బట్టల మీద కొలతలు గీసే నీలం సుద్దతోని.

అమ్మది చింపి ఉన్నది.
సారుది
నా బల్ల మీద పెట్టింది.
"లెక్కల చూపెట్టు. తెరవకు."

డెత్ సర్టిఫికెట్ వెనుక పిన్ను కొట్టిన.
సుద్ద వేలికంటింది.
అందుల పదహారు వందల యాభై ఉండాలె.
నేను ఎంచలే.